కారు అద్దాన్ని పొడిచే మట్టిరంగు పిట్ట, ఇంకా మిగతా టౌహీలు

మామిడితోట (శాన్ రామోన్, కాలిఫోర్నియా)

డ్రైవ్‌వేలో ఉన్న కారు సైడ్ మిర్రర్‌ని ఒక మట్టిరంగు పిట్ట పొద్దస్తమానం పొడుస్తోంది. అద్దం నిండా రెట్టలే. పిచ్చుక కంటే బాగా పెద్దది, తోక పొడుగు, ఒంటి మీద చుక్కలేం లేవు. "టింక్... టింక్" అని ఒకటే లోహపు చప్పుడు. గొంతు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌ ఇది కాలిఫోర్నియా టౌహీ అనే పిట్ట అంటోంది. నమ్మొచ్చా? ఈ పొడవడం ఎలా మాన్పించాలి?

వేపచెట్టు (ఫ్రీమాంట్)

నమ్మొచ్చు. ఖాయం చేసుకోవాలంటే తోక కింద చూడండి. మన పిగిలిపిట్టకి ఎర్రగా ఉండే చోటే దీనికి ఇటుక రంగు ఉంటుంది. గొంతు దగ్గర కూడా లేతగా అదే రంగు, దాని అంచున సన్నటి నల్ల గీతలు. మిగతా ఒళ్ళంతా మట్టే. ఇక్కడి ఇంకో పిట్ట కాలిఫోర్నియా థ్రాషర్‌కీ తోక కింద దాదాపు ఇదే రంగు కానీ దాని ముక్కు పొడుగ్గా కిందికి వంగి ఉంటుంది. టౌహీది పొట్టి ముక్కు, మొదట్లో లావు, గింజ పగలగొట్టే రకం.

ఇక అద్దం సంగతి. కాలిఫోర్నియా టౌహీలు జంటగా ఏడాది పొడుగునా ఒకే చోటును కాపాడుకుంటాయి. అద్దంలో కనిపించేది తన హద్దులోకి చొరబడ్డ ఇంకో టౌహీ అనుకుని దాని మీద పడుతుంది. గూడు కట్టే వసంతంలో ఇది ముదురుతుంది. ఆడా మగా ఒకేలా ఉంటాయి కాబట్టి పొడిచేది ఏదో చూసి చెప్పలేం.

కారుకైతే ఆపగానే మిర్రర్లు లోపలికి మడిచేయండి. మడవనివాటికి పాత సాక్సు గానీ క్యారీబ్యాగు గానీ తొడిగి రబ్బర్ బ్యాండ్ వేయండి. కిటికీ అయితే తప్పనిసరిగా బయటి వైపు నుంచే కప్పాలి. చాలామంది లోపల కర్టెన్ వేస్తారు. దానివల్ల గాజు వెనక చీకటై ప్రతిబింబం ఇంకా స్పష్టంగా పడుతుంది, పిట్ట ఇంకా రెచ్చిపోతుంది. సబ్బుబిళ్ళతో గాజు బయటి వైపు అడ్డదిడ్డంగా రుద్దినా చాలు. రెండు మూడు వారాలు అలాగే ఉంచండి. ఒక కిటికీ మూస్తే పక్క కిటికీకి మారడం మామూలే, దానికీ అదే వైద్యం.

ఈ పొడవడంలో దెబ్బలు తగలడం అరుదు. దూరం నుంచి వేగంగా ఎగిరొచ్చి గాజుకి కొట్టుకోవడం వేరే సంగతి, దానికి ప్రాణాలే పోతాయి. రెండింటినీ కలపొద్దు.

బైనాక్యులర్_బాబాయి (ఎడిసన్, న్యూజెర్సీ)

టౌహీ అంటే ఆ మట్టిరంగుదొక్కటే అనుకునేరు! మా తూర్పు వైపు ఈస్టర్న్ టౌహీని చూడండి. మగదానికి తల, గొంతు, వీపు, తోక అన్నీ నిగనిగలాడే నలుపు, పక్కటెముకల వెంట ముదురు నారింజ, నడుమన తెల్లటి పొట్ట. ఆడదానికి నలుపు ఉన్న చోటల్లా చాక్లెట్ గోధుమ రంగు, మిగతాదంతా అదే. కన్ను ఎరుపు. ఫ్లోరిడా వైపు వెళ్తే అదే పిట్టకి కన్ను తెల్లగా ఉంటుంది, కొత్త జాతి దొరికిందని గంతులేయకండి. ఎగిరినప్పుడు తోక మూలలు రెండూ తెల్లగా మెరుస్తాయి. కూర్చున్నప్పుడు రెక్క అంచున చిన్న తెల్ల మచ్చ.

దీన్ని రాబిన్ అనే పిట్ట అని పొరబడేవాళ్ళు చాలామంది. రాబిన్‌కి రొమ్మంతా నారింజ, టౌహీకి పక్కలు మాత్రమే. తూకంలోనూ తేడా ఉంది. ఈస్టర్న్ టౌహీ 32 నుంచి 52 గ్రాములు, రాబిన్ 77 గ్రాములకి పైమాటే.

ఇంకోటి. లైబ్రరీ సేల్‌లో డాలరుకి దొరికే పాత గైడ్లు కొనేవాళ్ళకి చెప్తున్నా. 1995కి ముందు పుస్తకాల్లో "రూఫస్-సైడెడ్ టౌహీ" అని ఒక్కటే ఉంటుంది. ఆ ఏడు దాన్ని ఈస్టర్న్, స్పాటెడ్ అని రెండు చేశారు. అలాగే "బ్రౌన్ టౌహీ"ని 1989లో కాలిఫోర్నియా, కాన్యన్ అని విడదీశారు. పాత పేరుతో, చూసిన పిట్టల్ని నమోదు చేసుకునే సైట్ ఈబర్డ్‌లో వెతికితే దొరకదు.

రెడ్‌మండ్_వాన (రెడ్‌మండ్, వాషింగ్టన్)

బాబాయి గారు చెప్పిన పిట్టకే వీపు మీద, రెక్కల మీద తెల్ల చుక్కలు చల్లితే మా స్పాటెడ్ టౌహీ. ఇక్కడొక మెలిక ఉంది. పసిఫిక్ వాయవ్యంలోవి అన్నిటికంటే నల్లవి, చుక్కలు తక్కువ. గైడు బొమ్మలో ఉన్నన్ని చుక్కలు వెతికితే ఇక్కడ దొరకవు. రాకీ పర్వతాల వైపు వాటికే దండిగా ఉంటాయి.

అరుపులో తేడా పెద్దది. ఈస్టర్న్ రెండు అక్షరాల్లో "చె-వింక్" అంటుంది. స్పాటెడ్ పిల్లి కూసినట్టు సాగదీసి "మ్యావ్" లాంటి గరగర చేస్తుంది. పాటకొస్తే ఈస్టర్న్‌ది రెండు విడి స్వరాలు, ఆపైన ఒక వణుకు. అమెరికన్లు దాన్ని "డ్రింక్ యువర్ టీ" అని గుర్తుపెట్టుకుంటారు. స్పాటెడ్‌ది ఎక్కువగా వణుకే. మా తీరం వైపు ముందు స్వరాలు అసలు లేకుండా "ర్ర్ర్ర్" అని ఒక్కసారి మోగించి ఊరుకుంటుంది. కొత్తవాళ్ళు దాన్ని జుంకో అనే పిట్ట పాట అనుకుంటారు. జుంకో వణుకు సన్నగా, తీయగా ఉంటుంది. టౌహీది గరుకు.

కొత్తపిట్ట (ఫ్రిస్కో, టెక్సస్)

మా వైపు ఏది ఉంటుందండీ? ఫెన్స్ మీద ట్యూబ్ ఫీడర్ వేలాడదీశాం. కార్డినళ్ళు, హౌస్ ఫించ్‌లు వస్తున్నాయి గానీ టౌహీ అన్నదే లేదు. ఇంట్లో మిగిలిన అన్నం, బియ్యం వేస్తే వస్తుందా? సంక్రాంతికి మన ఊళ్ళో చూరుకి వరికంకుల కుచ్చు కట్టినట్టు కడదామనుకుంటున్నా.

పెరటి_పార్వతి (కేరీ, నార్త్ కరోలినా)

కొత్తపిట్ట గారూ, ట్యూబ్ ఫీడర్‌కి టౌహీ రాదు. నేల మీద తినే పిట్ట అది. కుచ్చు కడితే హౌస్ ఫించ్‌లు పండగ చేసుకుంటాయి, టౌహీ వస్తే కింద రాలిన గింజలు ఏరుకుంటుంది. కంకులు మాత్రం ఇండియా నుంచి తెచ్చుకోకండి. ధాన్యం తినే ఖప్రా పురుగు భయంతో వడ్లూ బియ్యమూ ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

గింజల్లో మొదటి ఎంపిక వరిగలు. ఫీడ్ స్టోర్లో "వైట్ ప్రోసో మిల్లెట్" అని పొట్టుతో 20 పౌండ్ల బస్తా వస్తుంది. ఇండియన్ స్టోర్ వరిగలు పొట్టు తీసినవి. తింటాయి గానీ ఖరీదెక్కువ, తడి తగిలితే ఒకటి రెండు రోజుల్లోనే బూజు. రెండోది పొట్టు తీసిన పొద్దుతిరుగుడు పప్పు. మూడోది మొక్కజొన్న నూక, అదీ పొడి వాతావరణంలోనే. నూక తేమ పీల్చుకుని గడ్డకడుతుంది, బూజు పట్టిన మొక్కజొన్న పిట్టలకి విషం. చవగ్గా వచ్చే మిక్స్ బస్తాల్లో సగం ఎర్రజొన్నే. మా తూర్పు వైపు దాన్ని కాలితో పక్కకి తోసేస్తాయి, అది అక్కడే కుళ్ళుతుంది.

అన్నం వద్దు. ఉప్పూ నూనే తగిలిందైతే అసలొద్దు. పిట్ట కంటే ముందు ఎలక వస్తుంది. ఉత్త బియ్యంతో హాని లేదు గానీ పక్కనే వరిగలు ఉంటే దాన్ని ముట్టవు.

జంటకి రోజుకి పావు కప్పు నుంచి అరకప్పు చాలు. పొద్దున్నే వేయండి, చీకటి పడేసరికి మిగలకూడదు. మిగిలిందంటే రేపు తగ్గించండి. ఎలకల బెడదకి ఇదొక్కటే మందు.

కొత్తపిట్ట (ఫ్రిస్కో, టెక్సస్)

అయితే ఫీడర్ తీసేసి లాన్ మధ్యలో చల్లేస్తా.

పెరటి_పార్వతి (కేరీ, నార్త్ కరోలినా)

లాన్ మధ్యలోకి రాదండీ, అదే చెప్పబోతున్నా. పొద అంచు నుంచి మూడు నాలుగు అడుగులు దాటి బయటికి రావడానికి దానికి మనసొప్పదు. గింజలు పొద నీడ ఆగిపోయే చోట, నేల మీద చల్లాలి. వానలు ఎక్కువైతే అడుగున జాలీ ఉన్న ట్రే పెట్టండి. ఒకటిన్నర అడుగుల చదరం, కాళ్ళ ఎత్తు 4 నుంచి 6 అంగుళాలు. నీళ్ళు కారిపోతాయి, గింజ మొలకెత్తదు. రెండు వారాలకోసారి ట్రే కడిగి, ఒక వంతు బ్లీచ్ తొమ్మిది వంతుల నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, పూర్తిగా ఎండాకే మళ్ళీ గింజ వేయాలి. నేల మీద వేసేవాళ్ళు చోటు మారుస్తూ ఉండాలి, ఒకేచోట రెట్టలూ పొట్టూ పేరుకుంటే రోగాలు.

రెడ్‌మండ్_వాన (రెడ్‌మండ్, వాషింగ్టన్)

రోగాల మాట నిజం. 2021 శీతాకాలంలో పశ్చిమ రాష్ట్రాల్లో సాల్మొనెల్లా అనే రోగం పిట్టల్లో పాకి, ఫీడర్లు కొన్నాళ్ళు దించేయమని వైల్డ్‌లైఫ్ శాఖలే చెప్పాయి. ఒళ్ళు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని, మనిషి దగ్గరికెళ్ళినా కదలని పిట్ట కనబడితే గింజలు వేయడం వెంటనే ఆపాలి.

వేపచెట్టు (ఫ్రీమాంట్)

గింజల కంటే ముఖ్యమైనది ఒకటుంది, దాన్ని మనవాళ్ళు డబ్బిచ్చి మరీ ఊడ్పించేస్తారు. ఎండాకు!

టౌహీ తినే తీరు చూడండి. రెండు కాళ్ళతో ఒకేసారి కాస్త ముందుకు గెంతి, ఆ ఊపులోనే గోళ్ళతో ఆకులు గీరుతూ వెనక్కి తన్నుతుంది. ఆకులు వెనక్కి ఎగిరిపడతాయి. తల మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. వెంటనే వంగి, బయటపడ్డ పురుగునో గింజనో ముక్కుతో పట్టుకుంటుంది. మళ్ళీ గెంతు. పొద కింద ఆకు లేకపోతే దానికి పని లేదు. వేసవిలో పిల్లలకి పెట్టేది ప్రధానంగా పురుగులూ గొంగళ్ళే. అవి పుట్టేదీ దాగేదీ ఆ ఆకు కిందే.

కాబట్టి పొదల కింద 2 నుంచి 3 అంగుళాల మందం ఆకు వదిలేయండి. లీఫ్ బ్లోవర్ పట్టుకొచ్చే యార్డ్ వాళ్ళకి "ఈ హద్దు లోపలికి రావద్దు" అని రాళ్ళు పేర్చి చూపించాలి, నోటిమాట చాలదు. వుడ్‌చిప్ మల్చ్ దీనికి బదులు కాదు. బరువైన చెక్కముక్కల్ని తన్నడం కష్టం, కింద పురుగూ తక్కువే.

చెరువుగట్టు (యాష్‌బర్న్, వర్జీనియా)

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఒప్పుకోదు. పైగా ఆకులుంటే చెదలు పడతాయి కదా?

పెరటి_పార్వతి (కేరీ, నార్త్ కరోలినా)

చెదలకి కావాల్సింది తేమా, కలపా. ఇంటి పునాదికి ఆనుకుని ఆకు పేరుకోనివ్వకండి, రెండు మూడడుగులు ఖాళీ వదలండి. హెచ్‌ఓఏల చూపు ముందు వైపు మీదే ఎక్కువ. వెనక ఫెన్స్ మూలలో 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు చోటిస్తే చాలు. అంచుకి ఇటుకలు వరసగా పేర్చితే "ఇది కావాలని పెంచిన మడి" అని చూసేవాళ్ళకి అర్థమవుతుంది.

పొదలు మూడు నాలుగు కలిపి గుంపుగా నాటాలి. ఒక్కో మొక్కా విడివిడిగా బంతిలా కత్తిరిస్తే దాని కింద దాగుడు ఉండదు. మా వైపు బ్లూబెర్రీ, వైబర్నమ్, సుమాక్, అడవి బ్లాక్‌బెర్రీ బాగుంటాయి. అడుగు కొమ్మలు నేలని తాకనివ్వండి.

వేపచెట్టు (ఫ్రీమాంట్)

కాలిఫోర్నియా వాళ్ళకి ఇంకో షరతు. అగ్నిప్రమాద జోన్‌లో ఇల్లుంటే గోడ నుంచి 30 అడుగుల లోపు ఎండాకు తీసేయాల్సిందే. 30 నుంచి 100 అడుగుల మధ్య 3 అంగుళాల మందం దాకా ఉంచుకోవచ్చు. చిన్న పెరడైతే ఆకు ఆశ వదులుకుని, తడి ఉండే పచ్చటి పొదల కింద గింజా నీళ్ళూ పెట్టుకోవడం మేలు. మొక్కల్లో టోయాన్, కాఫీబెర్రీ, సియనోథస్, కయోటీ బ్రష్. కొండల్లో ఈ టౌహీలు పాయిజన్ ఓక్ (తగిలితే ఒళ్ళంతా దద్దుర్లెక్కే మొక్క) తుప్పల్లో తెగ తిరుగుతాయి, ఫొటో కోసం వాటి వెంట తుప్పలోకి దూరకండి.

ఎడారిపిట్ట (చాండ్లర్, అరిజోనా)

మా దిక్కు అసలు ఆకే ఉండదన్నా, అంతా గ్రావెల్. అయినా టౌహీ ఉంటది. అబర్ట్స్ టౌహీ అంటరు. మీ కాలిఫోర్నియా దాని లెక్కనే మట్టిరంగు గానీ ముక్కు చుట్టూ మొకం నల్లగ ఉంటది. అది చూస్తే సాలు, ఇంకేం చూడక్కర్లేదు. హిలా నది, కింది కొలరాడో నది, వాటి ఉపనదుల పొంటి చెట్లల్లనే దాని బతుకు. ప్రపంచంల ఇంకెక్కడ పెద్దగా దొరకదు, ఫీనిక్స్‌ల ఉన్నోళ్ళకి పెరట్లనే దొరుకుతది. గిల్బర్ట్ రైపేరియన్ ప్రిజర్వ్‌కి ఎండెక్కకముందు పోతే బాట మీదనే జంటలు కనబడతయి.

రప్పించాలంటే నీళ్ళే ముఖ్యం. నేల మీద పెట్టిన పళ్ళెం, లోతు అంచు కాడ అర అంగుళం, నడుమ 2 అంగుళాలు దాటొద్దు. గరుకుది కావాలె, నున్నటి గాజుది జారుతది. గుండ్రాయి ఒకటి మధ్యల పెట్టు. ఎండాకాలం నీడలనే పెట్టాలె, లేకుంటే మధ్యాహ్నానికి నీళ్ళు కాగిపోతయి. దోమలు గుడ్డు నుంచి ఎగిరేదాకా దాదాపు వారం పడతది, గందుకే రెండు రోజులకోసారి నీళ్ళు పారబోసి గీకి కడిగితే సాలు. డ్రిప్ పైపుకి ఒక ఎమిటర్ పెట్టి చుక్కచుక్క పళ్ళెంల పడేటట్టు చేస్తే ఆ చప్పుడుకే వస్తయి.

గ్రావెల్‌ల మెస్కీట్ గానీ వుల్ఫ్‌బెర్రీ గానీ పెట్టి, డ్రిప్ కింద రాలిన ఆకు అట్లనే వదిలెయ్. టూసాన్ దిక్కు పోతే కాన్యన్ టౌహీ తగుల్తది. దానికి నెత్తి మీద ఇటుక రంగు టోపీ, రొమ్ము నడుమ ఒక నల్ల చుక్క.

బైనాక్యులర్_బాబాయి (ఎడిసన్, న్యూజెర్సీ)

పెరడు లేని అపార్ట్‌మెంటు వాళ్ళు ఏం కావాలయ్యా! వాళ్ళ కోసం బయట చూసే పద్ధతి చెప్తాను.

న్యూజెర్సీలో ఏప్రిల్ మధ్య నుంచి వస్తాయి. పైన్ బారెన్స్‌కి వెళ్ళండి, బ్రెండన్ టి. బర్న్ స్టేట్ ఫారెస్ట్ అయినా సరే. పిచ్ పైన్, పొట్టి ఓక్, హకల్‌బెర్రీ పొదలు కలిసిన ఆ నేల టౌహీకి పుట్టిల్లు. అడవి కాలి, కింద పొదలు కొత్తగా మొలిచిన చోట ఇంకా ఎక్కువ. ఈశాన్యంలో ఇవి తగ్గడానికి కారణం కూడా ఇదే. వదిలేసిన పొలాల్లో తుప్పలుండేవి, అవి పెరిగి పెద్ద అడవి అయ్యాక నేల దగ్గర నీడే మిగిలింది. చెట్లు పెరిగితే పిట్టలన్నీ పెరుగుతాయనుకోవడం తప్పు.

కళ్ళ కంటే ముందు చెవి. ఎండాకుల్లో "చర్, చర్" అని జంట చప్పుడు, ఒక క్షణం ఆగడం, మళ్ళీ "చర్, చర్". ఉడుతదైతే తెరిపి లేకుండా పరిగెడుతుంది. ఇంత చప్పుడు చేసేది ఏ కుందేలో అనుకుంటారు, చూస్తే గుప్పెడు పిట్ట. అయితే ఫాక్స్ స్పారో, వైట్-త్రోటెడ్ స్పారో కూడా ఇలాగే గీరుతాయి, చలికాలంలో చూడకుండా టౌహీ అని రాసేయకండి.

చప్పుడు వినగానే ఆగిపోండి. దగ్గరికి పోవద్దు. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడి, పొద అడుగున నేల కనిపించే సందులోకి బైనాక్యులర్ పెట్టి అయిదు పది నిమిషాలు ఆగితే అదే ఆ సందు దాటుతుంది. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8×42 చాలు. 10× వాటిలో చూపు ఇరుకు, చెయ్యి వణుకు కనిపిస్తుంది, కొమ్మల మధ్య పిట్టని పట్టుకునేసరికి అది పోతుంది. దగ్గరి ఫోకస్ 6, 7 అడుగులకి వచ్చేది కొనండి. మే, జూన్‌లలో మగది పొద పైకొచ్చి అందరికీ కనిపించేలా పాడుతుంది, అప్పుడు చూడలేకపోతే ఇంకెప్పుడు?

కొత్తపిట్ట (ఫ్రిస్కో, టెక్సస్)

యూట్యూబ్‌లో పాట పెడితే బయటికి వస్తుందంటున్నారు?

బైనాక్యులర్_బాబాయి (ఎడిసన్, న్యూజెర్సీ)

వస్తుంది, ఎందుకు రాదు. శత్రువొచ్చాడని పరిగెత్తుకొస్తుంది. గూటి పని వదిలేసి మీ ఫోన్ చుట్టూ తిరుగుతుంది. వద్దు.

ఎడారిపిట్ట (చాండ్లర్, అరిజోనా)

ఒక్కసారి పెడితే ఏమైతది బాబాయ్, అరనిమిషం పెట్టి ఆపేస్తే?

వేపచెట్టు (ఫ్రీమాంట్)

మీరొక్కరే అయితే ఏమీ కాకపోవచ్చు. జనం తిరిగే పార్కులో వచ్చిన ప్రతివాడూ అరనిమిషం పెడతాడు, చిక్కంతా అక్కడే. నేషనల్ పార్కుల్లో అయితే అసలు నిషేధం. నోటితో "పిష్ పిష్ పిష్" అని నాలుగు సార్లు అనండి, ఏంటా అని తల బయటపెడుతుంది. రాకపోతే వదిలేయండి.

కొత్తపిట్ట గారూ, మొదట అడిగిన దానికి జవాబు: డల్లాస్ చుట్టూ చలికాలంలో వచ్చేది ఎక్కువగా స్పాటెడే, ఈస్టర్న్ తక్కువ. వీపు చూడకుండా ఏది అని రాయకండి. వీపు మీద చుక్కలుంటే స్పాటెడ్. చుక్కలు లేకుండా రెక్క అంచున తెల్ల మచ్చ ఒక్కటే ఉంటే ఈస్టర్న్. గ్రేట్ ప్లెయిన్స్‌లో రెండూ కలిసి సంకరాలు కూడా ఉన్నాయి. సరిగ్గా కనబడకపోతే ఈబర్డ్‌లో "స్పాటెడ్/ఈస్టర్న్" అని రెండూ కలిపిన వరస ఉంటుంది, అదే ఎంచుకోండి. మెర్లిన్ ఒక్కదాన్నే నమ్మి రాసేయొద్దు. మాకింగ్‌బర్డ్ ఎవరి గొంతైనా అనుకరిస్తుంది. స్పాటెడ్ చేసే "మ్యావ్"కీ క్యాట్‌బర్డ్ కూతకీ యాప్ తికమకపడుతుంది.

ఫోకస్_పోయింది (ఆల్ఫరెట్టా, జార్జియా)

ఫొటోలకి. నల్ల తల, పొద నీడ కలిసి కెమెరాని మోసం చేస్తాయి, అది వెలుతురు పెంచేసి తెల్ల పొట్టని సున్నం చేస్తుంది. ఎక్స్‌పోజర్ మైనస్ మూడింట రెండు వంతుల నుంచి మైనస్ ఒకటి దాకా తగ్గించండి. గీరుతుండగా తీయాలంటే షటర్ సెకనులో 1/1000కి తగ్గొద్దు, నిలబడి చూస్తుంటే 1/250 చాలు. ఐఎస్ఓ 1600 నుంచి 3200 వెళ్ళినా పర్లేదు. నేల మీద పడుకునో, చిన్న పీట మీద కూర్చునో దాని కంటి ఎత్తులో తీయండి. నిలబడి తీస్తే వీపూ ఆకులే వస్తాయి. ఎరుపు కన్నులో వెలుగు చుక్క లేకపోతే ఆ ఫ్రేము పనికిరాదు.

మామిడితోట (శాన్ రామోన్, కాలిఫోర్నియా)

మిర్రర్‌కి సాక్సు తొడిగాం, పొడవడం ఆగింది. ధన్యవాదాలు. పక్కింటి పిల్లి ఒకటి ఆ పొద దగ్గరే కాపు కాస్తోంది. గింజలు పొద దగ్గరే వేయమన్నారు కదా, పిల్లికి వడ్డించినట్టు కాదా?

పెరటి_పార్వతి (కేరీ, నార్త్ కరోలినా)

మంచి ప్రశ్న. మామూలు ఫీడర్లకి "దాగుడు 10 అడుగుల దూరంలో ఉండాలి" అంటారు. టౌహీకి అంత దూరం కుదరదు. కాబట్టి పొదనే పిల్లి కూర్చోలేని చోటుగా చేయాలి. గులాబీ, బోగన్‌విలియా కత్తిరించిన ముళ్ళ కొమ్మలు పొద అడుగున పరవండి. పిట్ట వాటి మధ్య నుంచి దూరిపోతుంది, పిల్లి కడుపు ఆనించి పొంచలేదు.

కొమ్మల కుప్ప కూడా వేయొచ్చు. 4 నుంచి 6 అంగుళాల మందం, 4, 5 అడుగుల పొడవున్న దుంగలు అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చండి. పైన లావు కొమ్మలు, ఆపైన సన్న పుల్లలు. చుట్టుకొలత సంగతి అలా ఉంచి ఎత్తు 4 అడుగులు వస్తే చాలు. అందరూ చేసే పొరపాటు సన్న పుల్లలు అడుగున వేయడం. సందులన్నీ మూసుకుపోయి లోపలికి ఏదీ దూరలేదు.

మీ పిల్లయితే ఇంట్లో ఉంచండి, మెడలో గంట కట్టినంత మాత్రాన ఆగదు. పొరుగువాళ్ళదైతే మాట్లాడి చూడండి, ఆ లోపు కొన్నాళ్ళు గింజలు ఆపండి.

వేపచెట్టు (ఫ్రీమాంట్)

అలాగే గాజుకి కొట్టుకోకుండా గింజలు కిటికీకి 3 అడుగుల లోపు గానీ 30 అడుగుల అవతల గానీ ఉండాలి. ఈ రెండింటి మధ్య దూరం ప్రమాదం. గాజు బయటి వైపు 2 అంగుళాలకొక చుక్క చొప్పున అడ్డంగా, నిలువుగా అంటించండి. డేగ బొమ్మ స్టిక్కర్ ఒకటి మధ్యలో అంటిస్తే పనిచేయదు, దాని పక్క నుంచి పోతే సరిపోతుందనుకుంటుంది పిట్ట.

లాన్‌కి గుళికల మందు చల్లేవాళ్ళు జాగ్రత్త. నేల గీరి తినే పిట్ట గుళికని గింజ అనుకుని మింగుతుంది.

చెరువుగట్టు (యాష్‌బర్న్, వర్జీనియా)

వరిగలు వేస్తే కౌబర్డ్‌లు గుంపుగా దిగుతున్నాయి. అవి టౌహీ గూట్లో గుడ్లు పెడతాయంటారు కదా?

బైనాక్యులర్_బాబాయి (ఎడిసన్, న్యూజెర్సీ)

పెడతాయి, ఈస్టర్న్ టౌహీ గూళ్ళు వాటికి బాగా ఇష్టం. పెట్టేముందు టౌహీ గుడ్డు ఒకటి తీసి పారేయడమూ ఉంది. టౌహీ ఆ గుడ్డుని వేరుగా గుర్తుపట్టదు. ఏప్రిల్ నుంచి జూలై దాకా వరిగలూ మొక్కజొన్న నూకా పూర్తిగా ఆపేయండి. ఆ రోజుల్లో టౌహీకి ఆకుల కింద పురుగులు దండిగా ఉంటాయి, మీ గింజ లేకపోతే పస్తుండదు. గూట్లో కౌబర్డ్ గుడ్డు కనబడినా చెయ్యి పెట్టొద్దు. 1918 నాటి మైగ్రేటరీ బర్డ్ ట్రీటీ చట్టం దాన్నీ కాపాడుతుంది. గుడ్లున్న గూడు కదిలించినా, రాలిన ఈక ఇంట్లో దాచుకున్నా అదే చట్టం.

ఈస్టర్న్, స్పాటెడ్ ఎక్కువగా నేల మీదే గూడు కడతాయి, పొద మొదట్లో ఆకుల్లోకి దింపి. 12, 13 రోజులు పొదుగుతాయి. నడుస్తుంటే కాలి కింద నుంచి ఆడది చప్పుడు లేకుండా పరిగెత్తి పోయిందంటే గూడు అక్కడే ఉన్నట్టు. వచ్చిన దారినే వెనక్కి తిరగండి.

మామిడితోట (శాన్ రామోన్, కాలిఫోర్నియా)

ఆఖరి ప్రశ్న. పొద పక్కన నేల మీద ఒక పిల్ల ఉంది. రొమ్ము మీద లేత గీతలు, తోక సగమే ఉంది, ఎగరలేకపోతోంది. గూట్లోంచి పడిపోయిందా? డబ్బాలో పెట్టి అన్నం మెత్తగా కలిపి పెట్టమంటారా?

వేపచెట్టు (ఫ్రీమాంట్)

ఏమీ పెట్టకండి, ముట్టకండి. పడిపోలేదు, బయటికొచ్చింది. కాలిఫోర్నియా టౌహీ పిల్లలు గుడ్డులోంచి వచ్చాక 8 రోజులకల్లా, ఇంకా ఎగరడం రాకుండానే గూడు వదిలేస్తాయి. పొద అడుగున దాక్కుంటాయి, తల్లీతండ్రీ కొన్ని వారాలు అక్కడికే తెచ్చి పెడతాయి. అన్ని టౌహీల పిల్లలకీ ఒంటి మీద గీతలుంటాయి, వేసవిలో "ఇదేదో కొత్త పిచ్చుక" అని పోస్టులు పెట్టేవి ఎక్కువగా ఇవే.

ఈకలు సరిగ్గా రాని గుడ్డిపిల్ల అయితే మెల్లగా తీసి గూట్లో పెట్టొచ్చు. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అబద్ధం. రెక్క వేలాడుతున్నా, నెత్తురు కనబడినా, పిల్లి నోట పడి బయటపడ్డా గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకట్లో ఉంచి, దెబ్బతిన్న అడవి ప్రాణుల్ని చూసుకునే, లైసెన్సున్న వైల్డ్‌లైఫ్ రిహాబిలిటేటర్‌కి ఫోన్ చేయండి. నీళ్ళు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మీరు చెప్పిన పిల్ల బాగానే ఉంది. వారం రోజులు ఆ పక్క లాన్ మోయర్ నడపకండి, పొద కత్తిరించే పని సెప్టెంబరు దాకా వాయిదా వేయండి. మీరు లోపలికెళ్ళి కిటికీలోంచి చూడండి, మీరు పక్కన నిలబడి ఉన్నంతసేపూ తల్లి దగ్గరికి రాదు.